సాల గోడ

జగ్గయ్యపేట,
11 మార్చి 1984

భవానీ,

మామయ్యగారి సంవత్సరీకానికి వచ్చి వెళ్ళాక నీ దగ్గర్నుంచి కార్డు ముక్క లేదు. ఊరందరి వార్తలూ పేపరుకి పంపుతావు. తోడబుట్టిన అక్కకి మాత్రం నువ్వు నందిగామలోనే ఉన్నావో లేదో తెలియదు. మీ అక్క పోస్ట్‌మ్యాన్‌ని అనుమానంగా చూస్తోంది, నీ ఉత్తరాలు అతనే దాచుకుంటున్నట్టు.

అసలు సంగతి రాస్తా. వేదాద్రి దారిలో మీ నాన్నగారి ఇల్లు ఏడాదిగా తాళం వేసి ఉంది. నేనే నెలకోసారి కొట్టు మూసుకుని వెళ్ళి, తలుపులు తీసి, గబ్బిలాలకి నమస్కారం పెట్టి వస్తున్నా. పేటలో పురుగుమందులు అమ్మేవాడి చేతిలో ఒక్క గబ్బిలం కూడా చావలేదని ఊళ్ళో నవ్వుతున్నారు.

పత్తి వ్యాపారం తిరుపతిరావు నీకు తెలుసు. మెయిన్ బజారులో ఆయన కొట్టు. ఇటువైపు సిమెంటు ఫ్యాక్టరీలు వస్తాయని వినికిడి. అందుకని ఆ దారిలో గోడౌను కావాలంటున్నాడు. ఇల్లూ, దాని తూర్పున ఉన్న బండ్ల సాలా కలిపి కొంటాడట. సాల పీకించి లారీ తిరగడానికి జాగా చేసుకుంటాడు. ఇల్లు గుమాస్తాలకి ఉంచుతాడు. మంచి బేరం. ఇంతకన్నా మంచిది రాదు.

సాలలో ఆరోగ్యమ్మ ఉంటోంది కదా. మొగుడు బాలస్వామి పోయినప్పటి నుంచీ మామయ్యగారు దయతలచి ఉండనిచ్చారు. ఇప్పుడు కొడుకు కృపారావు అక్కడే టైరు బండ్లు బాగుచేసుకుంటున్నాడు. దసరాకల్లా ఖాళీ చెయ్యాలని చెప్పా. ఊరి బయట కాలనీలో స్థలం ఇప్పిస్తానన్నా.

ఫోన్ చేద్దామనుకున్నా గానీ, మన ఎక్స్చేంజి ద్వారా ఇల్లమ్మే మాట మాట్లాడితే సాయంత్రానికి బజారంతా వినేస్తుంది. నువ్వు ఊఁ అంటూ రెండు ముక్కలు రాస్తే చాలు.

జగన్నాథరావు


నందిగామ,
2 ఏప్రిల్ 1984

బావా,

అమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఊరు వెళ్ళి నేను ఉండబోయేది లేదు. అక్కకి చెప్పు, ఉత్తరాలు పోస్ట్‌మ్యాన్ దాచలేదు, నేనే రాయలేదు.

ఊఁ అనేలోగా రెండు సంగతులు తెలియాలి. ఆరోగ్యమ్మకి కాలనీలో స్థలం ఎవరిస్తారు? పట్టా చేతికి వస్తుందా, మాట మాత్రమేనా? నాన్న ఇరవై ఏళ్ళ పైగా నీడ ఇచ్చిన మనిషిని ఆయన పోయిన మరుసటి ఏడే రోడ్డు మీద పెట్టామంటే ఊళ్ళో బావుండదు. నాకూ బావుండదు.

రెండోది. మా పత్రికలో ఆదివారం పేజీకి పాత ఇళ్ళ గురించి రాయమన్నారు. మన ఇల్లు చేతులు మారేలోగా దాని వివరాలు రాసి పెట్టుకోవాలని ఉంది. ఇల్లు తాత కట్టించాడని తెలుసు. సాల ఎవరు కట్టారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఇల్లు ముందా, సాల ముందా? జనవరిలో కరణాల పదవులు రద్దయ్యాక ఊరి కాగితాలు తాలూకా ఆఫీసులో మూటలు కట్టి ఉన్నాయి. అడిగి చూశాను. గ్రామకంఠంలో ఇళ్ళకి పట్టాలు ఉండవు, మూట విప్పినా మీకు దొరికేది దుమ్మేనన్నారు.

కాబట్టి కాగితం లేదు, కట్టడమే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు చూసి రాయి. గోడలు దేనితో కట్టారు, దూలాలు ఎక్కడ ఆనాయి, ఇంటికీ సాలకీ మధ్య గోడలో గూళ్ళు ఎటువైపు ఉన్నాయి, చూరు నీళ్ళు ఎటు పడుతున్నాయి. పురుగుల్ని భూతద్దంతో చూసే కళ్ళు కదా నీవి, ఇవి కనిపించకపోవు.

భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
27 మే 1984

భవానీ,

ఆలస్యానికి తిట్టుకోకు. ఎండలు. కొట్లో కూర్చుంటే మందు డబ్బాల కన్నా నేనే ముందు ఆవిరైపోతానేమో అనిపించింది.

నీ ఆదివారం పేజీకి రాసుకో. ఇల్లు ముందు, సాల తర్వాత. మీ తాతగారు ఇల్లు కట్టుకుని, ఊరికి బండ్లు చేసే వాళ్ళుండాలని బాలస్వామి తండ్రిని పిలిపించి, మన గోడకి ఆనించి సాల దించి ఇచ్చారు.

ఇంటికి ఉత్తరాన వీధి. రెండు అరుగులూ నాపరాయి. కుడి అరుగు మీద పులిజూదం గళ్ళు చెక్కి ఉన్నాయి. మామయ్యగారు ఎప్పుడూ పులుల వైపే కూర్చునేవారు, మేకలు ఎప్పుడూ నావే. సింహద్వారం వేప చెక్క. గడప నడుమ అరిగి దోనెలా అయింది. లోపలికి వెళ్తే వసారా, తర్వాత నడిమిల్లు, దక్షిణాన వంటిల్లు. గోడలు రాయీ సున్నమూ, మూరెడు మందం పైనే. వేసవిలో లోపల చెంబులో నీళ్ళు చల్లగానే ఉంటాయి. నడిమింటికి మూడు టేకు దూలాలు. పైన బంగాళా పెంకు. వంటింటి వైపు దూలం పొగ పట్టి నిగనిగలాడుతోంది. పెరట్లో మామయ్యగారు తవ్వించిన బావి. అది మా పెళ్ళయిన ఏడు తవ్వారు కాబట్టి నాకు బాగా గుర్తు. అల్లుణ్ణని చూడకుండా నాతో కూడా మట్టి మోయించారు.

సాలలో కొలిమి గుంట పూడిపోయింది. చక్రాన్ని పడుకోబెట్టి ఎర్రగా కాల్చిన ఇనప పట్టా ఎక్కించే గుండ్రటి రాతి గద్దె ఇంకా ఉంది. దాని మీద ఇప్పుడు కృపారావు టైర్లు పెడుతున్నాడు. గోడకి ఇరుసులు వేలాడదీసే కొయ్యలున్నాయి. ఇరుసులు లేవు.

నడి గోడ మామూలు గోడే. గూళ్ళు మనవైపే ఉన్నాయి. చూరు నీళ్ళు చూడలేదు, ఈ ఎండల్లో వాన ఎక్కడిది.

తిరుపతిరావు తొందరపడుతున్నాడు. ఆషాఢం రాకముందే అగ్రిమెంటు రాసుకుందాం. నువ్వు రాలేకపోతే సంతకానికి కాగితం పంపుతా.

జగన్నాథరావు


నందిగామ,
8 జూన్ 1984

బావగారికి,

మీ ఉత్తరం చాలా బాగుంది. పులిజూదం సంగతి పేపర్లో తప్పకుండా వేస్తాను. చదివాక కొన్ని అనుమానాలు వచ్చాయి. దాచుకోకుండా రాస్తున్నాను.

వాన లేదన్నారు. మే పదిహేడున పేట చుట్టుపక్కల గాలివానకి పెంకులు లేచిపోయాయని, వేదాద్రి దారిలో చెట్లు పడ్డాయని పేపర్లో వచ్చింది. ఆ వార్త పంపింది నేనే. మీరు పేపరు చదవకపోయినా, ఆ రోజు మీ కొట్టు రేకులు ఎగిరాయని నాకు అక్కే కార్డు రాసింది.

అరుగు మీద గళ్ళ నుంచి గడప అరుగుదల దాకా రాశారు. నేను ముఖ్యంగా అడిగిన గోడ గురించి మాత్రం రెండు పొట్టి వాక్యాలు రాశారు. ముక్త్యాల బస్సు కండక్టరు మొన్న నందిగామలో కలిశాడు. మా ఇంటి ముందు సిమెంటు బస్తాలు దించారని, తాపీ పని జరిగిందని చెప్పాడు. అమ్మేసే ఇంటికి, అందులో పీకేసే సాలకి సిమెంటు ఎందుకు?

ఇక్కడ కోర్టు వరండాలో వార్తల కోసం పదేళ్ళుగా కూర్చుంటున్నాను. గ్రామకంఠం గోడ తగాదాల్లో కోర్టు పంపే కమీషనర్లు ఏం చూస్తారో నాకు తెలుసు. గూళ్ళు ఎవరి వైపు తెరిచి ఉంటే గోడ వాళ్ళది. మన పల్లెల్లో పెద్దమనుషులు కూడా అదే చూస్తారు. ఎవరూ పొరుగువాడి గోడలో గూడు తొలవరు, తొలవనివ్వరు. నా చిన్నప్పుడు సాలలో మేరీమాత పటం ముందు గూట్లో దీపం వెలిగేది. ఆ గూడు ఏ గోడలో ఉండేది? మనవైపు ఆ గోడకి బీరువా ఉంటుంది. గూళ్ళు చూసిన గుర్తు నాకు లేదు.

ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. ఈ బేరంలో తిరుపతిరావుతో మీకు పొత్తు ఏమైనా ఉందా?

భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
15 జూన్ 1984

శ్రీ భవానీప్రసాద్ గారికి,

మీరు అడిగిన తీరు చూస్తే నన్ను బోనులో నిలబెట్టినట్టుంది. పిల్లనిచ్చిన ఇంటికి నేను కాపలావాణ్ణి కూడా అయ్యానని ఇన్నాళ్ళూ అనుకున్నా. ముద్దాయినని ఇవాళ తెలిసింది.

గాలివాన వచ్చిన మాట నిజం. గోడ సున్నం పెచ్చులూడిన మాట నిజం. సిమెంటు పూత వేయించిన మాట నిజం. కొనేవాడు ఊడిపోయిన గోడ చూస్తే ధర తగ్గిస్తాడని ఇంగితం ఉన్న ఎవడికైనా తెలుస్తుంది. మీ కోర్టు వరండాలో ఇది చెప్పరేమో.

ఇంటి తాళం చెవి కావాలంటే వచ్చి తీసుకోండి. మీ కండక్టర్ని కూడా తెచ్చుకోండి.

జగన్నాథరావు

తమ్ముడూ, ఆయన ఈ ఉత్తరం రాసి బల్ల మీద పడేసి భోజనం మానేసి వెళ్ళారు. కింద ఖాళీ ఉంటే నేను రాస్తున్నాను. ఆ గోడ గురించి ఎక్కువ తవ్వకు. అమ్మితే అమ్మండి, లేకపోతే మానండి. గోడ జోలికి వద్దు. నా మాట విను. ప్రమీల.


నందిగామ,
6 ఆగస్టు 1984

జగన్నాథరావు గారికి,

ముసురు తగ్గాక మీకు చెప్పకుండా ఊరు వెళ్ళాను. తాళం చెవి అడగలేదు. ఇంట్లోకి వెళ్ళే అవసరం పడలేదు. వీధిలోంచీ సాలలోంచీ చూసింది రాస్తున్నాను.

వీధి వైపు ఇంటి ముందు గోడ వచ్చి సాల గోడకి తగిలే మూల దగ్గర నిలబడ్డాను. రెండు గోడలూ ఒకేసారి కట్టి ఉంటే, లేదా సాల గోడ ఇంటిదే అయి ఉంటే, మూల రాళ్ళు వేళ్ళు పెనవేసినట్టు ఒకదానిలోకి ఒకటి వెళ్ళాలి. అక్కడ అలా లేదు. పై నుంచి కింద దాకా ఒకటే నిలువు సందు. అందులోకి కొబ్బరి ఈనె దూర్చాను. ఇల్లు తర్వాత వచ్చి సాలని ఆనుకుంది.

సాల లోపల మన నడిమింటి దూలాల కొసలు గోడ దాటి జానెడు బయటికి కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ కన్నాల్లో చిల్లపెంకులు కూరి ఉన్నాయి. గోడతోపాటే పెట్టిన దూలానికి ఆ పని ఉండదు. ఉన్న గోడని తొలిచి దూర్చినప్పుడే ఉంటుంది.

మీ సిమెంటు పూత చూశాను. పాత సున్నం గోడకి సిమెంటు వేయించడం వల్ల ఒక మేలు జరిగింది. వానకి గోడంతా ఒకలా చెమర్చలేదు. రాయి ఉన్నచోట పొడిగా ఉంది. లోపల ఇటుక ఉన్నచోట నల్లగా చెమ్మ దిగింది. మనిషి ఛాతీ ఎత్తున, వరసగా, నాలుగు పలకలుగా. దగ్గరికి వెళ్ళి కొలవక్కర్లేదు, గుమ్మంలోంచే కనిపిస్తున్నాయి. అవి మూసేసిన గూళ్ళు. మేరీమాత పటం వాటి పక్కన మేకుకి వేలాడుతోంది.

కృపారావు బండి టైరుకి గాలి కొడుతున్నాడు. నన్ను చూసి పంపు ఆపాడు. ఆరోగ్యమ్మ మంచం వాల్చింది. మా మాటలు జరిగినవి జరిగినట్టు రాస్తున్నాను.

"ఆరోగ్యమ్మా, ఈ గోడ ఎవరిది?"

"మీదే గదా బాబూ."

"ఎవరు చెప్పారు?"

"అప్పట్లో పెద్దమనుషులు చెప్పారుగా. ఇప్పుడు నన్నడిగితే ఏం లాభం?"

"మరి ఈ మచ్చలేంటి?"

"వానకి గోడ చెమర్చింది."

"చెమరిస్తే ఇలా పలకలు పలకలుగా చెమరుస్తుందా?"

"మీ బావగారు చదువుకున్నోరు గదా ప్రసాద్ బాబూ. సిమెంటు కూడా చదువుకున్నదే తెచ్చుంటారు. గళ్ళు గీసుకుని మరీ చెమరుస్తంది."

"నిన్నెవరైనా బెదిరించారా?"

ఆమె కృపారావు వైపు చూసింది. "మమ్మల్ని బెదిరించేదేముంది. దసరాకి లెమ్మన్నారు, లేస్తాం. యాడికి లేవాలో ఇంకా చెప్పలా."

కాలనీలో స్థలం గురించి పంచాయతీ సమితి ఆఫీసులో అడిగాను. ఆ పేరుతో అర్జీ కూడా లేదు.

నాకు అర్థమైంది ఇది. గోడ ఆమెది. సాల ఆమెది. మే నెలలో మీరు సాల వైపు గూళ్ళు మూయించి, మీద సిమెంటు పూయించి, ఇంటివైపు గూళ్ళు తొలిపించారు. ఆమె నోరు ఎలా మూయించారో తెలియదు. అగ్రిమెంటు కాగితం పంపవద్దు. ఖాళీ చెయ్యవద్దని ఆమెకి చెప్పి వచ్చాను.

భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
13 ఆగస్టు 1984

భవానీ,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగా. నువ్వు చూసినవన్నీ సరిగ్గానే చూశావు. ఎప్పుడన్నది తప్పు చెప్పావు. ఒక్క మనిషిని తప్పు చెప్పావు.

గాలివాన వెలిసిన మర్నాడు వెళ్ళా. సాల వైపు పెచ్చు ఊడి కింద కుప్పగా పడి ఉంది. ఆరోగ్యమ్మ చీపురుతో ఎత్తుతోంది. రాతి గోడలో ఇటుకతో మూసిన గూళ్ళు బయటపడి ఉన్నాయి. ఆమె ఊడవడం ఆపలేదు, నా వైపు చూడలేదు. ఆ ఇటుకల్ని చూడగానే గుర్తుపట్టా. అవి బావి ఒర ఇటుకలు, ఒంపు తిరిగి ఉంటాయి. పలకగా ఉన్న గూట్లో ఒంపు ఇటుక ఎవడూ పెట్టడు, ఇంట్లో అవే మిగిలి ఉంటే తప్ప. మన పెరటి బావికి తెప్పించినవి. నా నెత్తి మీద మోసినవి.

ఇంట్లోకి వెళ్ళి బీరువా జరిపా. మనవైపు గూళ్ళు ఉన్నాయి, నేను అబద్ధం రాయలేదు. కానీ గోడతోపాటు కట్టిన గూటికి పైన ఉండే రాతి పలక వాటికి లేదు. చెక్క ముక్క అడ్డం పెట్టి మట్టి మెత్తారు. ఆ మట్టికి ఇరవై ఏళ్ళ చెదలు పట్టి ఉంది. నేను తొలిపించినవి కావు.

ఆ పని చేసింది మామయ్య. ఇంకెవరూ కాదు.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే, మూసెయ్యడం. సాయంత్రానికి సిమెంటు తెప్పించా. మీ అక్కకి చెప్పలేదు. తండ్రిని దేవుడనుకునే మనిషికి ఏం చెప్పను? సాల పడిపోయి, గోడ గోడౌనులో కలిసిపోతే ఇక చదివేవాడు ఉండడనుకున్నా. అందుకే నిన్ను తొందరపెట్టా. కాలనీ స్థలం మాట నోటితో అన్నదే, నువ్వు పట్టుకున్నది నిజం. తిరుపతిరావు గోడౌనులో నా మందుల స్టాకుకి ఒక గది ఇస్తానన్నాడు, అదీ నిజం. ఇంతకు మించి పొత్తు లేదు.

ఆరోగ్యమ్మని నేను బెదిరించలేదు. గోడ మీదేనని నాతో కూడా అలాగే అంది. ఎందుకంటుందో నాకూ తెలియదు. మామయ్య ఏం చేసి ఆ గోడ తీసుకున్నాడో అనే అనుమానం నాకూ ఉంది. మీ అక్కని అడగబోయి ఆగిపోయా. నువ్వు అడుగు.

జగన్నాథరావు


జగ్గయ్యపేట,
4 సెప్టెంబరు 1984

తమ్ముడూ,

నువ్వు రాసిన కార్డు అందింది. మీ ఇద్దరి ఉత్తరాలూ నేను చదువుతూనే ఉన్నాను. ఈ ఇంట్లో ఉత్తరాలు చింపేది ఆయన, దాచేది నేను. మీరు ఒకరినొకరు దొంగంటుంటే, చివరికి నాన్నని అంటుంటే, ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. తెలిసింది రాస్తాను.

నువ్వు అప్పుడు గుంటూరులో చదువుతున్నావు. నేను పెద్దాడి పురిటికి ఊరు వచ్చాను. ఆ వేసవిలో బాలస్వామి జ్వరంతో పోయాడు. నెల తిరగకుండా చెవిటికల్లు నుంచి అతని అన్న దిగాడు. సాల తమ తండ్రి కట్టినది, తమ్ముడు లేడు కాబట్టి తనదే, పీకించి రాయీ కర్రా బండికెత్తుకుపోతానన్నాడు. ఆరోగ్యమ్మ చంకలో కృపారావు. గోడ పీకితే మన దూలాలు ఎక్కడ నిలుస్తాయి? ఆమె వీధిలో పడుతుంది, మన ఇల్లు కూలుతుంది. పెద్దమనుషుల్ని పిలిచారు. వాళ్ళు వచ్చేలోగా ఒక మధ్యాహ్నం నాన్న ఆరోగ్యమ్మని అరుగు దగ్గరికి పిలిచారు. నేను కిటికీ పక్కన పిల్లాణ్ణి వేసుకుని పడుకుని ఉన్నాను.

నాన్న అన్నారు, "గోడ నాదని చెప్తా. గోడ నాదైతే సాల నా గోడకి దించిన పాక. దాన్ని పీకే హక్కు మీ బావకి ఉండదు."

"గూళ్ళు మావైపున్నాయి గదయ్యా."

"రేపటికి ఉండవు. వాళ్ళు నిన్నడిగితే మాత్రం నువ్వు అవునను. నీ తరం, నీ కొడుకు తరం సాల నీదే. నా పిల్లలు అడగరు."

ఆమె సాల వైపు తిరిగి చూసింది. తర్వాత, "దీపం గూడు కూడా మూస్తారా అయ్యా?" అంది. మూయాలన్నారు.

పెద్దమనుషులు వచ్చి, గూళ్ళు ఎటున్నాయో చూసి, ఆమెని అడిగారు. "వాళ్ళదే" అంది. చెవిటికల్లు ఆయన ఖాళీ బండి తోలుకుని వెళ్ళాడు. బీరువా పెట్టింది ఆ తర్వాతే. కొత్త గూళ్ళు చూడటం నాన్నకి ఇష్టం లేదు.

ఆయన దొంగతనం చేశారో ఒక ఆడదాని నీడ కాపాడారో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ ఒకే తాపీతో చేశారు. కానీ తర్వాత ఊరంతా విధవకి నీడనిచ్చాడని మెచ్చుకుంటే కాదనలేదు. రానురాను ఆయనే నమ్మారు. నీకెప్పుడు చెబుతారని ఒకసారి అడిగాను. సమయం వచ్చినప్పుడు అన్నారు. ఆ సమయం రాకముందే మాట పడిపోయింది.

ఆరోగ్యమ్మ నోరు మీ బావ మూయించలేదు. ఆమె ఇచ్చిన మాట మీద ఆమె నిలబడింది. అవతలి మాట మనది. ఇప్పుడేం చేస్తావో చెయ్యి. నాన్న పేరు పేపర్లో వేస్తే మాత్రం నీకూ నాకూ ఉత్తరాలు ఉండవు.

ప్రమీల


నందిగామ,
14 అక్టోబరు 1984

బావా,

అక్క ఉత్తరం నీకు చూపించిందనే అనుకుంటున్నాను. చూపించకపోతే అడుగు. గూళ్ళు నువ్వు తొలిపించావని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినవి ఉంచుతున్నాను. కాలనీ అబద్ధం చిన్నది కాదు.

పేపర్లో ఏమీ వేయడం లేదు. ఆదివారం పేజీకి వేరే ఇల్లు చూసుకున్నాను.

మళ్ళీ ఊరు వెళ్ళి ఆరోగ్యమ్మతో మాట్లాడాను. సాల ఆమె పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయిస్తానన్నాను. ఆమె నవ్వింది. "మాది మాకు దానమిస్తారా బాబూ?" అంది. నిజమే. ఇచ్చినట్టు సంతకం పెడితే, అది నాదని ఇంకోసారి రాసినట్టే. పోనీ గోడ నాదని నువ్వే చెప్పు, మేం ఒప్పుకుంటామన్నాను. దానికీ ఒప్పుకోలేదు. పెద్దమనుషుల ముందు ఒక మాట అని, ఇరవై రెండేళ్ళ తర్వాత ఇంకోటి అంటే తనని ఎవరు నమ్ముతారంది. చెవిటికల్లు వాళ్ళ కొడుకులు మళ్ళీ బండి కట్టుకుని వస్తారని ఆమె భయం. ఇన్నేళ్ళ స్వాధీనం తర్వాత వాళ్ళకి దారి లేదని వకీలు నాకు చెప్పాడు. ఆమెకి చెప్పాను. విన్నది గానీ నమ్మలేదు. మా ఇంటి మగవాళ్ళు చెప్పిన మాట ఆమె ఎందుకు నమ్మాలి?

కాబట్టి ఆమె ఏమీ చెప్పక్కర్లేని దారి ఒకటి ఉంది. ఇల్లు అక్కా నేనూ సగం సగం పంచుకున్నట్టు దస్తావేజు రాసుకుందాం. దస్తావేజుకి హద్దులు రాయాలి. నా హద్దు నేను చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముసాయిదాలో ఇలా రాశాను. "తూర్పు: కీ.శే. బాలస్వామి గారి భార్య ఆరోగ్యమ్మ గారి సాల గోడ. మా ఇంటి దూలములు సదరు గోడపై వారి సమ్మతితో ఆనియున్నవి. గోడయందు గాని సాలయందు గాని మాకు హక్కు లేదు."

ఈ వాక్యం రాశాక ఆ ఇల్లు తిరుపతిరావు కొనడు. ఎవడూ కొనడు. పొరుగువాళ్ళ గోడ మీద నిలబడ్డ ఇంటికి ఎవరు డబ్బు పెడతారు? ఆరోగ్యమ్మ కాదంటే దూలాలు దించుకోవాలి. అది ఒప్పుకునే రాస్తున్నాను.

అక్క సంతకం లేకుండా ఈ దస్తావేజు లేదు. నాన్న పెద్దమనుషుల ముందు చెప్పింది తప్పని ఆమె చేత్తో ఆమే రాయాలి. నేను బలవంతం చెయ్యను. నువ్వూ చెయ్యొద్దు. ముసాయిదా ఇందులో పెట్టాను. అక్కకి చదవమని ఇవ్వు.

భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
20 నవంబరు 1984

భవానీ,

నువ్వు సంతకం పెట్టి ఉదయం బస్సుకి వెళ్ళిపోయావు. మీ అక్క తర్వాత పెడతానంది కదా, ఆ తర్వాత జరిగింది రాస్తున్నా.

మధ్యాహ్నం దాకా రిజిస్ట్రాఫీసు వరండాలో కూర్చుంది. టీ తెప్పిస్తే తాగలేదు. దస్తావేజు రాసే ఆయన ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "గూళ్ళ సంగతి ఎక్కడా లేదుగా?" అని అడిగింది. లేదన్నా. "నాన్న పేరు?" తండ్రి పేరు రాసే చోట తప్ప ఇంకెక్కడా లేదన్నా. తర్వాత లేచి లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది. రిజిస్టరులో వేలిముద్ర కూడా వేశాక ఆ సిరా చాలాసేపు కొంగుతో తుడుచుకుంది. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు. నీతో మాట్లాడుతుందో లేదో నేను చెప్పలేను. సాక్షి సంతకం నేనే పెట్టా. తిరుపతిరావు బజారులో నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు. నా స్టాకు గది పోయింది.

మేం ఆఫీసులో ఉండగానే ఆరోగ్యమ్మ వచ్చింది. మేమెవరం పిలవలేదు. కృపారావు బండి మీద తీసుకొచ్చాడు. లోపలికి రాలేదు, మెట్ల దగ్గర నిలబడింది. తూర్పు హద్దు ఒక్కటీ తనకి చదివి వినిపించమంది. రాసే ఆయన చదివాడు. "ఇంకోసారి చదవండి" అంది. చదివాడు. మళ్ళీ చదవమంది. ఈసారి కృపారావుని దగ్గరికి పిలిచి, అక్షరాలు చూస్తూ వినమంది. ఆయన చదివిందీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అని వాణ్ణి అడిగింది. ఒకటేనన్నాడు.

నేను ఊరుకోలేక, "ఇప్పుడు నమ్మకం కుదిరిందా ఆరోగ్యమ్మా?" అన్నా.

జవాబు నీకు చెప్పమంది. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నా, నా మాట ఒక్కటి కూడా కలపకుండా.

"ఉన్న దూలాలు ఉండనీయండి. కొత్తది ఒక్కటి కూడా ఆనించొద్దని ప్రసాద్ బాబుకి రాయండి."

జగన్నాథరావు